కరాచీ 1971: మెరుపుదాడి నేర్పేదెంత, నేర్పనిదెంత

1971 డిసెంబరు 4 రాత్రి. కరాచీకి దక్షిణంగా గస్తీ తిరుగుతున్న పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ మీదున్న నావికులకు దూరాన ఒక వెలుగు కనిపించింది. నీటికి కాస్త ఎత్తులో, నేరుగా తమవైపే వస్తోంది. యుద్ధవిమానం అనుకుని బోఫోర్స్ తుపాకులు పేల్చారు. అది దారి మళ్లలేదు, వచ్చి నౌకను తాకింది. శత్రు విమానం దాడి చేసిందని ఖైబర్ నుంచి వైర్‌లెస్ కబురు వెళ్లింది. తామున్న చోటు కూడా అందులో తప్పుగా వెళ్లింది. కొద్ది నిమిషాలకే రెండోది వచ్చి తాకింది. నౌకతోపాటు రెండు వందల ఇరవై మందికి పైగా మునిగిపోయారు. బతికి నీళ్లలో తేలుతున్నవాళ్ల కోసం వెతికినవాళ్లు చాలాసేపు వేరే చోట వెతికారు.

వాళ్లను కొట్టింది విమానం కాదు, మన నౌకాదళపు చిన్న పడవ నిర్ఘాత్ వదిలిన క్షిపణి. ఆపరేషన్ ట్రైడెంట్ అనే ఈ దాడి జ్ఞాపకంగానే ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరుపుతారు, విశాఖ బీచ్‌రోడ్డులో ఎన్నోసార్లు జనం కిక్కిరిసి విన్యాసాలు చూశారు. పండగ సంగతి అలా ఉంచితే, మెరుపుదాడి అనే పద్ధతిని అర్థం చేసుకోవడానికి మన ఉపఖండంలో ఇంతకన్నా మంచి పాఠం దొరకదని నా అభిప్రాయం. డ్రోన్లు, ఉపగ్రహాలు వచ్చాక అలాంటి దాడికి కాలం చెల్లిందని కొందరంటున్నారు. ఇప్పుడే అసలు కాలం వచ్చిందని ఇంకొందరంటున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది.

ముందు ఆ పడవల గురించి చెప్పుకోవాలి. సోవియట్ యూనియన్ నుంచి కొన్న ఎనిమిది ఓసా తరగతి క్షిపణి పడవలు 1971 తొలినాళ్లలో మనకు అందాయి. ఒక్కొక్కటి రెండు వందల టన్నుల పైచిలుకు బరువు, ముప్ఫై మంది దాకా సిబ్బంది, నాలుగు క్షిపణులు. ఒక్కో క్షిపణి నలభై కిలోమీటర్ల దాకా పోయి, అర టన్ను పేలుడు పదార్థంతో నౌకను తాకుతుంది. ఇదే క్షిపణితో ఈజిప్టు పడవలు 1967 అక్టోబరులో పోర్ట్ సయీద్ దగ్గర ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఈలాత్‌ను ముంచాయి. కాబట్టి ఆయుధం రహస్యమేమీ కాదు, దాని దెబ్బ ఎలాంటిదో పాకిస్తాన్‌తో సహా లోకానికంతా తెలుసు. కానీ ఈ పడవలను సోవియట్లు తయారుచేసుకున్నది సొంత రేవుల కాపలాకు. ఇంధనం ఎక్కువ దూరానికి రాదు, అలలు లేస్తే తట్టుకోవడం కష్టం. అవి వందల మైళ్లు దాటి పరాయి రేవు మీదికి వస్తాయని కాగితం మీద లెక్క వేసుకునేవాడెవడూ అనుకోడు.

ఆ లెక్కను తప్పించింది ఒక చిన్న అవస్థ. అంత బరువును ఓడ నుంచి దించే క్రేను బొంబాయిలో లేక పడవలను కలకత్తాలో దించాల్సి వచ్చింది. అక్కడి నుంచి పెద్ద నౌకల వెనక కట్టి, ద్వీపకల్పం చుట్టూ తిప్పి, బొంబాయికి లాక్కొచ్చారు. బంగాళాఖాతం నుంచి అరేబియా సముద్రానికి లాక్కురాగలిగినప్పుడు కరాచీ దాకా ఎందుకు తీసుకెళ్లలేమన్న ఆలోచన అప్పుడు పుట్టింది. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందా పెరిగింది కరాచీ ముంగిట ఉన్న మనోరాలో. నౌకాదళంలో చేరకముందు ఆ రేవులోనే ఉద్యోగం చేశాడు. 1965లో పాకిస్తాన్ నౌకలు ద్వారక మీద గుండ్లు కురిపించి వెళ్లినా మన నౌకాదళం చేతులు కట్టుకుని ఉండాల్సి వచ్చింది. అది ఆయన్ను, ఆయన తోటివాళ్లను చాలాకాలం వేధించింది. ఈసారి యుద్ధానికి ముందే ప్రధాని ఇందిరాగాంధీని కలిసి, కరాచీ మీద దాడికి రాజకీయంగా అభ్యంతరం ఉందా అని అడిగి, లేదనిపించుకున్నాడు.

దాడికి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు క్షిపణి పడవలు వెళ్లాయి. తోడుగా కిల్తాన్, కచ్చల్ అనే రెండు పెద్ద నౌకలు. ఇంధనం నింపడానికి పోషక్ అనే టాంకరు. స్క్వాడ్రన్‌కు నాయకుడు కమాండర్ బబ్రూభాన్ యాదవ్. డిసెంబరు 4 పగలంతా కరాచీకి రెండు వందల యాభై నాటికల్ మైళ్ల దక్షిణాన, పాకిస్తాన్ విమానాల చూపు ఆనని చోట ఆగారు. ఆ విమానాల్లో చాలావాటికి రాత్రిపూట దాడి చేసే శక్తి లేదు. అందుకే పొద్దుగూకాక కదిలి, తెల్లారేలోపు వెనక్కి వచ్చేలా లెక్క వేసుకున్నారు. ఆ రాత్రి ఖైబర్ మునిగింది. మైన్‌స్వీపర్ ముహాఫిజ్ ఒక్క కబురైనా పంపే వ్యవధి లేకుండా ముక్కలైంది. షాజహాన్ అనే మరో డిస్ట్రాయర్ బాగా దెబ్బతింది. వీనస్ చాలెంజర్ అనే సరుకు ఓడ మునిగింది. మన వైపు ఒక్క ప్రాణమూ పోలేదు.

ఈ కథలో అందరూ క్షిపణిని చూస్తారు. నేను పోషక్ టాంకరు వైపు చూడమంటాను. మెరుపుదాడుల చరిత్ర ఎక్కడ తెరిచినా ఇదే కనిపిస్తుంది. దగ్గరి నుంచే పనిచేసే ఆయుధాన్ని శత్రువు ఊహించని దూరం మోసుకెళ్లడంలోనే సగం గెలుపుంది. 1940 నవంబరులో బ్రిటిష్ విమానవాహక నౌక ఇలస్ట్రియస్ నుంచి లేచిన 21 స్వోర్డ్‌ఫిష్ విమానాలు ఇటలీ రేవు టారంటోలో మూడు యుద్ధనౌకలను దెబ్బతీశాయి. అవి గుడ్డ తొడిగిన రెండు రెక్కల పాత విమానాలు. లోతు తక్కువ రేవులో టార్పెడోలు అడుగున కూరుకుపోతాయని అప్పటి నమ్మకం. దాన్ని బ్రిటిష్‌వాళ్లు టార్పెడో పడే తీరును సర్ది దాటారు. జపాన్ నౌకాదళం ఆ దాడిని శ్రద్ధగా చదువుకుంది, ఏడాది తిరిగేసరికి పెర్ల్ హార్బర్ జరిగింది.

మొన్నటి ఉదాహరణ ఉక్రెయిన్‌ది. 2025 జూన్ 1న ఆ దేశం స్పైడర్స్ వెబ్ పేరుతో రష్యా బాంబర్ విమానాల స్థావరాల మీద 117 చిన్న డ్రోన్లతో దాడి చేసింది. సైబీరియాలోని బెలాయా స్థావరం ఉక్రెయిన్‌కు నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ డ్రోన్లు సొంతంగా ఎగిరేది కొన్ని కిలోమీటర్లే. వాటిని లారీల మీద, కప్పు తెరుచుకునే చెక్క గదుల్లో దాచి, రష్యా రోడ్ల మీదే స్థావరాల పక్కకు చేర్చారు. ఓసా పడవకు పోషక్ ఎలాగో ఆ డ్రోన్లకు లారీలు అలాగ. ఉపగ్రహాలు నిత్యం పైనుంచి చూస్తున్న కాలంలో ఇది జరిగింది. ఉపగ్రహం లారీని చూడలేక కాదు, లక్ష లారీల్లో ఏ లారీని అనుమానించాలో ఎవరికీ తెలియక జరిగింది.

దీన్నిబట్టి నాకు అర్థమైందేమంటే, దాడి చేసేవాడు తనను తాను పూర్తిగా దాచుకోనక్కర్లేదు. ఎదుటివాడు ఇది జరగదని ఏది నమ్మాడో అది పట్టుకుంటే చాలు. ఖైబర్ వాళ్లు ఆ వెలుగును చూశారు, తుపాకులూ పేల్చారు. వాళ్ల మనసులో ఆ దిక్కు నుంచి రాగలిగింది విమానమొక్కటే. చూసినదాన్ని తమకు తెలిసిన పేరుతో పిలిచారు, కరాచీలోని కార్యాలయమూ అదే పేరు నమ్మింది. ఇప్పుడు గస్తీ నౌకల్లో ఖైబర్ నాటి రాడార్ కన్నా ఎన్నో రెట్లు మెరుగైనవి ఉన్నాయి. తెర మీద చుక్క కనిపించాక దానికి ఏ పేరు పెట్టాలన్నది మాత్రం ఇప్పటికీ అలసిపోయిన మనిషి చేతిలోనే ఉంది.

దాడి అయిపోయాక కూడా ఆ గందరగోళం ఆగదు. డిసెంబరు 6 ఉదయం, భారత క్షిపణి పడవ కోసం వెతుకుతున్న ఒక పాకిస్తాన్ విమానంలోని నౌకాదళ పరిశీలకుడు సముద్రంలో ఒక నౌకను చూసి అదేనని చెప్పాడు. యుద్ధవిమానాలు వచ్చి కాల్చాయి. అది పాకిస్తాన్ సొంత ఫ్రిగేట్ జుల్ఫికర్. ఇలాంటిది మనకూ జరిగింది. 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ దాడి జరిగింది. మరునాడు ఎదురుదాడి గగ్గోలులో శ్రీనగర్ దగ్గర బుద్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. వాయుసేన వాళ్లు ఆరుగురు, కింద ఉన్న పౌరుడొకరు చనిపోయారు. అది పెద్ద పొరపాటేనని ఆ ఏడాది అక్టోబరులో వాయుసేనాధిపతి బహిరంగంగా ఒప్పుకున్నారు. దాడికి వెళ్లేవాళ్ల శిక్షణ గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. దాడి మర్నాడు సొంత తుపాకుల దగ్గర కూర్చునేవాళ్ల శిక్షణకు అందులో పదో వంతు శ్రద్ధ కూడా కనిపించదు.

మెరుపుదాడుల మీద ఎక్కువమంది చెప్పుకునే పుస్తకం అమెరికన్ నౌకాదళ అధికారి విలియం మెక్‌రేవెన్ రాసిన ‘స్పెక్ ఆప్స్’. 2011లో అబొట్టాబాద్ దాడిని పర్యవేక్షించింది ఆయనే. ఎబెన్ ఎమాయెల్ కోట నుంచి ఎంటెబె దాకా ఎనిమిది దాడులను తీసుకుని, చిన్న బలగం పెద్ద బలగం మీద ఎప్పుడు పైచేయి సాధిస్తుంది, దాన్ని ఎంతసేపు నిలబెట్టుకోగలదు అన్నది విడమరిచాడు. పైచేయి ఎంత త్వరగా చిక్కితే అంత మేలు, ఆలస్యమయ్యేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది అంటాడు. మంచి సిద్ధాంతమే, ట్రైడెంట్‌కు అతికినట్టు సరిపోతుంది. నా అసంతృప్తి ఒకటే. ఆ పుస్తకం చూపు దాడి జరిగిన గంటల మీద ఉంటుంది. ఆ గంటలకు ముందు గురి సరిచూసుకోవడం, తర్వాత వచ్చే రోజుల లెక్క వెనక్కి పోతాయి.

గురి సంగతే చూడండి. మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ రాత్రివేళ పాండవ శిబిరంలోకి చొరబడ్డాడు. నిద్రపోతున్నవాళ్లను చంపాడు. పాండవులు మాత్రం ఆ రాత్రి శిబిరంలోనే లేరు. మెక్‌రేవెన్ ఎంచుకున్న ఎనిమిదింటిలో ఒకటైన సన్ టే దాడిది కూడా ఇదే కథ. 1970 నవంబరులో అమెరికన్ కమాండోలు ఉత్తర వియత్నాంలోని ఆ జైలు శిబిరంలోకి హెలికాప్టర్లలో దిగారు. దాడి చాలావరకు అనుకున్నట్టే జరిగింది. విడిపించాల్సిన ఖైదీలను మాత్రం అంతకు నాలుగు నెలల ముందే అక్కడి నుంచి తరలించేశారు.

మన విశాఖ తీరంలోనే దీనికి నిలువెత్తు ఉదాహరణ ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ద్వీపకల్పమంతా చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి. అదీ ఒక సాహసమైన మెరుపుదాడి పథకమే. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌తో, విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందనిపించేలా వైర్‌లెస్ నాటకం ఆడించాడు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకు ఘాజీ విశాఖ రేవు బయట పేలి మునిగింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లనా, ఘాజీయే మోసుకొచ్చిన మైన్ల వల్లనా అన్నదానిపై రెండు దేశాల మధ్య ఇప్పటికీ వాదం ఉంది. అందులోని తొంభై మందికి పైగా నావికులు లేని నౌక కోసం వచ్చి పోయారన్నదానిలో మాత్రం వాదం లేదు.

ఇక ఫలితం లెక్క. కరాచీలో కెమారీ చమురు ట్యాంకులు తగలబడ్డాయి. అది నిపాత్ క్షిపణి పని అని నౌకాదళం, ఉదయమే తమ హంటర్ విమానాలు చేసిన పని అని వైమానిక దళం చెప్పుకున్నాయి. దాడి చేసినవాడు చీకట్లో వెనక్కి తిరుగుతాడు, తన దెబ్బ ఎక్కడ తగిలిందో చూసే వీలుండదు. ఆ రాత్రి పడవల మీదున్న పన్నెండు క్షిపణుల్లో దాదాపు సగం వాడకుండానే వెనుదిరిగారు. ఇంకాస్త ఆగి రేవునంతా కొట్టాల్సిందని తర్వాత విమర్శలు వచ్చాయి. మూడు చిన్న పడవలు తెల్లారేలోపు విమానాలకు అందకుండా పోవాలి, ఇంధనం లెక్కలో ఉంది. ఆ స్థితిలో వెనుదిరగడమే సరైనదని నేననుకుంటాను. స్పైడర్స్ వెబ్‌లో 41 విమానాలు దెబ్బతిన్నాయని ఉక్రెయిన్ చెబితే, ఉపగ్రహ చిత్రాలు చూసినవాళ్లు అంతకన్నా బాగా తక్కువ లెక్క చెప్పారు. యాభై ఏళ్లలో కళ్లు పెరిగినా ఈ తగవు తీరలేదు.

ఒకసారి పనిచేసిన ఉపాయం రెండోసారి పనిచేస్తుందా? మన మన్యం అనుభవం పనిచేయదని చెబుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయింది. అక్టోబరులో అడ్డతీగలకు వెళ్లేసరికి ఆయుధాలు చిక్కలేదు, పోలీసులు ముందే జాగ్రత్తపడ్డారు. కరాచీలో మాత్రం రెండో దెబ్బా తగిలింది. ట్రైడెంట్ తర్వాత పాకిస్తాన్ విమానాలు ఓఖా రేవును బాంబులతో కొట్టాయి. మనవాళ్లు అది ఊహించి పడవలను ముందే చెదరగొట్టారు గానీ ఇంధనం నిల్వ పోయింది, రెండో దాడి ఆలస్యమైంది. డిసెంబరు 8 రాత్రి కల్లోల సముద్రంలో వినాశ్ అనే ఒక్క పడవ, తల్వార్, త్రిశూల్ ఫ్రిగేట్ల తోడుతో వెళ్లి నాలుగు క్షిపణులూ వదిలింది. పాకిస్తాన్ టాంకరు ఢాకా దెబ్బతింది, చమురు ట్యాంకులు మళ్లీ మండాయి. రెండోసారీ సాగడానికి కారణం, ఎదుటివాళ్లు ప్రమాదాన్ని గుర్తించారు గానీ ఆ క్షిపణిని ఆపే సాధనం వాళ్ల దగ్గర లేదు. హెచ్చరిక అందడం వేరు, దాన్ని ఉపయోగించుకునే శక్తి ఉండడం వేరు.

అదే రాత్రి పనామా జెండా కింద ఉన్న గల్ఫ్ స్టార్ మునిగింది, బ్రిటిష్ ఓడ హర్మాటన్ దెబ్బతింది. ఆ రెండింటికీ ఈ యుద్ధంతో సంబంధం లేదు. అప్పటి క్షిపణికి రాడార్‌లో కనిపించే పెద్ద లోహపు ముద్ద ఏదైనా ఒకటే. విజయగాథల్లో ఈ ఓడల పేర్లు ఒక వాక్యంలో దాటిపోతాయి. అలా దాటిపోకూడదు. ఇవాళ పెద్ద రేవు ఏదైనా పరాయి దేశాల ఓడలతో నిండి ఉంటుంది. వాటి మీద పనిచేసేవాళ్లలో మన కోస్తా జిల్లాల కుర్రాళ్లూ ఉంటారు. రేవు మీద దాడి ఆలోచించేవాడు వాళ్లను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

దాడి యుద్ధాన్ని తేల్చిందా అంటే, 1971 యుద్ధం తేలింది ఢాకాలో, డిసెంబరు 16న. కరాచీ దాడులు పాకిస్తాన్ నౌకలను రేవు దాటకుండా చేశాయి, కరాచీకి సరుకు ఓడల రాకపోకలను ఆపాయి. అది చిన్న సంగతి కాదు. అలాగని సముద్రం పూర్తిగా మనదైపోలేదు. వినాశ్ వెళ్లిన మరునాడే, డిసెంబరు 9న, డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఫ్రిగేట్ ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ట్రైడెంట్‌ను ఏటా పండగ చేసుకుంటున్నాం. దాని పక్కనే ఖుక్రీని కూడా అంతే శ్రద్ధగా చదివితే తప్ప ఆ వారం రోజుల పాఠం పూర్తికాదు.

ఈ పాఠాన్ని ఇప్పటిదాకా దాడి చేసేవాడి వైపు నుంచే ఎక్కువగా చదివాం. కాలం తిరగబడింది. 2024 ఫిబ్రవరిలో క్రిమియా దగ్గర రష్యా క్షిపణి పడవ ఇవనోవెట్స్‌ను ఉక్రెయిన్ సముద్ర డ్రోన్లు ముంచాయి. ఒకప్పుడు పెద్ద నౌకలను వణికించిన తరగతి పడవ ఇప్పుడు మనిషి లేని చిన్న పడవలకు బలైంది. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల్లో యుద్ధనౌకలో, చమురు ట్యాంకులో, గ్యాస్ పైపులో ఉన్నాయి. కరాచీకి 1971లో వచ్చిన ముప్పు వీటికీ ఉంది. 2008 నవంబరులో పదిమంది హంతకులు కరాచీ నుంచి బయల్దేరి, కుబేర్ అనే మన చేపల పడవను పట్టుకుని, అందులోని వాళ్లను చంపి, అదే పడవలో 26న ముంబయి తీరం దగ్గరికి వచ్చారు. గస్తీ కళ్లకు అది మామూలు చేపల పడవ, అంతే.

ఆ తర్వాత తీరం పొడవునా రాడార్లు పెట్టారు. సమాచారమంతా ఒకచోట చేరేలా గురుగ్రామ్‌లో కేంద్రం తెరిచారు, జాలర్లకు గుర్తింపు కార్డులిచ్చారు. లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024లో మొదలైంది. ఈ ఖర్చుకు క్షిపణుల ఖర్చుకున్నంత గౌరవం దక్కాలని నా వాదన. ఘాజీ మునిగిన సంగతి గట్టు మీదికి మొదట తెచ్చింది విశాఖ జాలర్లే, నీళ్లమీద తేలిన నూనె చూసి, దొరికిన వస్తువులు తెచ్చి ఇచ్చారు. భీమిలిలోనో ఉప్పాడలోనో తెల్లవారుజామున వలేసే మనిషికి తన సముద్రంలో తెలియని పడవ ఏదో ఇట్టే తెలుస్తుంది. అతను ఫోను చేస్తే ఎత్తేవాళ్లుండాలి. చెప్పినందుకు రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టకూడదు. మెరైన్ పోలీసు స్టేషన్‌లో ఆ వేళప్పుడు పడవ, దాన్ని నడిపేవాడు, డీజిలు మూడూ సిద్ధంగా ఉండాలి.